మష్కు మోసిన వీపులు

ఏటా ఏప్రిల్ 14న ఫైర్‌స్టేషన్లలో మౌనం పాటిస్తారు. 1944లో ఆ రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. దాని కడుపులో దాదాపు 1400 టన్నుల పేలుడు సామగ్రి, దాంతోపాటే పత్తి బేళ్లు. మంటలార్పడానికి పోయిన బొంబాయి ఫైర్ బ్రిగేడ్ వాళ్లు 66 మంది తిరిగి రాలేదు. వాళ్లని తలుచుకోవాల్సిందే. కానీ ఇంజన్లు రాకముందు మన బస్తీల్లో నిప్పంటుకుంటే నీళ్లెవరి వీపు మీద వచ్చాయి? నేను పోయిన ఏ సభలోనూ ఈ మాట వినపడలేదు.

భిస్తీల వీపు మీద వచ్చాయి. ఫార్సీలో బిహిష్త్ అంటే స్వర్గం. దాహం తీర్చేవాడు స్వర్గం నుంచి వచ్చినవాడని 'బిహిష్తీ' అన్నారు, అదే నోళ్లలో నలిగి భిస్తీ అయింది. పేరేమో స్వర్గానిది, బతుకేమో మేకతోలు తిత్తి కింద వంగిపోయిన నడుముది. ఆ తిత్తే మష్కు. నిండా నింపితే సుమారు 30 లీటర్లు. ఇవాళ్టి వాటర్ టెండర్ 4500 లీటర్లు మోస్తుంది. అంటే 150 మష్కులు, 150 సార్లు బావి దగ్గరికీ మంట దగ్గరికీ తిరగడం. 1539లో చౌసా యుద్ధంలో నదిలో మునిగిపోతున్న హుమాయూన్‌ని నిజాం అనే భిస్తీ ఒడ్డుకు చేర్చాడు. ఇచ్చిన మాట ప్రకారం పాదుషా అతన్ని కొద్దికాలం తఖ్తు మీద కూర్చోబెట్టాడు. పాదుషాని కాపాడాడు కాబట్టి ఆ ఒక్కడి పేరు మిగిలింది. గుడిసెలు కాపాడినవాళ్ల పేర్లు ఎవరు రాసుకుంటారు? కర్బలాలో పిల్లల దాహం కోసం నీళ్లకు పోయి అమరుడైన హజ్రత్ అబ్బాస్ పేరున వాళ్లలో చాలామంది అబ్బాసీలని చెప్పుకుంటారు. మొహర్రంలో కొన్ని అలంలకు చిన్న మష్కు వేలాడదీసేది ఆయన గుర్తుగానే.

1908 మూసీ వరద తర్వాత, 1920లో గండిపేట చెరువు కట్టారు. ఇళ్లకు నల్లాలు వచ్చేకొద్దీ భిస్తీ పని పోయింది. పని పోయినవాడికి కొత్త పనిలో వాటా ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. అది మనకు కొత్తేం కాదు.

బొంబాయిలో ఫైర్ బ్రిగేడ్ మునిసిపాలిటీది. మన దగ్గర సర్కారుది, హోంశాఖ కింద నడుస్తుంది. 1999లో దీనికి ప్రత్యేక చట్టం చేశారు, 2014లో రాష్ట్రంతోపాటే శాఖా రెండైంది. ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, లీడింగ్ ఫైర్‌మన్, వాళ్లపైన స్టేషన్ ఫైర్ ఆఫీసర్. జనానికి ఈ హోదాలేవీ పట్టవు, 'ఫైరింజన్ వచ్చింది' అంటారు, అంతే.

ఆ బండిని నేను మొదట దగ్గర్నుంచి చూసింది 1990 డిసెంబర్ కర్ఫ్యూలో. అప్పటికి నేను చిన్నవాణ్ణి. మా గల్లీ చివర దుకాణం తగలబడుతోంది. పోలీసు బూటు చప్పుడికి తలుపులు మూసుకున్న అమ్మీ, గంట చప్పుడికి కిటికీ తీసింది. బండిలో నీళ్లు అయిపోయాయి. నుదుటి మీద విభూతి రేఖలున్న ఫైర్‌మన్ ఒకాయన మసీదు గేటు దగ్గరికొచ్చి, "మౌజన్ సాబ్, హౌజ్‌లో నీళ్లున్నాయా?" అనడిగాడు. మౌజన్ సాబ్ మాట్లాడకుండా గేటు బార్లా తెరిచాడు. మేం వజూ చేసుకునే హౌజ్‌లోకి లావుపాటి పైపు దింపారు. నీళ్లు అడుగంటి, నాచు బయటపడిందాకా తోడారు. కాలింది ఎవరి దుకాణమో నేనిక్కడ రాయను. ఆ రాత్రి ఆయనా అడగలేదు.

2025 మే 18 పొద్దున 6 గంటల 16 నిమిషాలకు మొఘల్‌పురా స్టేషన్‌కు ఫోనొచ్చింది. గుల్జార్ హౌజ్. కుతుబ్‌షాహీల నాటి నీటితొట్టి, పేరులోనే నీళ్లున్న చోటు. కింద నగల దుకాణాలు, పైన ఒక హిందూ కుటుంబం, ఎక్కడానికి ఇరుకు మెట్లు. ఇంజన్లు వచ్చాయి, మనుషులూ వచ్చారు, దారే లేదు. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. ఇంజన్ల కంటే ముందే పొగలోకి దూరినవాళ్లున్నారు. చార్మినార్ దగ్గర గాజులమ్ముకునే ముస్లిం కుర్రాళ్లు షట్టర్ విరిచి, గోడకు కన్నం కొట్టి లోపలికి పోయారు. లోపలున్నది ఎవరో వాళ్లకు తెలుసు. రోజూ పలకరించుకునే ఇరుగుపొరుగే.