మానవీయ విద్యల పుట్టుపూర్వోత్తరములు

1333వ సంవత్సరమున ఉత్తరదేశములు తిరుగుచు లియేజి పట్టణము చేరిన ఇటాలియను కవి పెట్రార్కుకు అచట ప్రాచీన రోమను వక్త సిసిరో ప్రసంగములు రెండు దొరకగా, ఒకదానిని తాను, రెండవదానిని మిత్రుడును ప్రతి వ్రాయబూనిరి. కాని అంత పట్టణమునను సిరా దొరకుట దుర్లభమయ్యెననియు, దొరకిన కాస్తయు కుంకుమపువ్వువలె పచ్చగా నుండెననియు ఆయన వార్ధక్యమున ఒక లేఖలో స్మరించుకొనెను. కవియైన ఆర్కియాసు పౌరసత్వమును సమర్థించు ప్రసంగము వానిలో నొకటి. మానవీయ విద్యలను మాట అందు గలదు; వ్యాకరణము, వక్తృత్వము, కావ్యము, చరిత్ర, నీతిశాస్త్రము అను తమ పాఠ్యక్రమమునకు తరువాతి తరములవారు ఆ పేరే పెట్టుకొనిరి.

తండ్రి యాజ్ఞచే మోపెల్యే, బొలోన్యా నగరములందు ధర్మశాస్త్రము చదివియు దానిని విడిచిన పెట్రార్కుకు, 1345లో వెరోనా దేవాలయ గ్రంథాలయమున సిసిరో తన మిత్రుడు అట్టికసునకు వ్రాసిన జాబులు లభించెను. మహాజ్ఞానియని తాను ఆరాధించిన పురుషుడు ఆ జాబులలో పదవీకలహములందు చిక్కి, భయపడుచు, పూటకొక మాట మార్చుచు కనబడెను. మనసు కలుక్కుమనగా, రమారమి పదునాలుగు శతాబ్దములకు పూర్వము గతించిన ఆ సిసిరోకే జాబు వ్రాసి, ముదిమిలో ఈ జగడములందు ఏల దిగితివని నిలదీసెను. పూర్వుని పూజించి యూరకుండక, ఆయనను ఒకానొక కాలమున, ఒకానొక పురమున బ్రదికిన మనుష్యునిగా గుర్తించి, ప్రేమ చెడకుండ తప్పు పట్టు ఈ చనువునందే మానవతావాదమునకు ఆయువుపట్టు ఉన్నదని నా విశ్వాసము. మానవతావాదులు దైవమును కాదన్నవారని తలచుట పొరపాటు. పెట్రార్కు సాధువు ఆగస్టీను ఆత్మకథను వెంట నుంచుకొనెడివాడు.

పెట్రార్కు వద్దనున్న హోమరు గ్రీకు ప్రతి ఆయనకు చదువరాలేదు. ఆ కొఱత తీర్చుటకు ఫ్లోరెన్సు ప్రభుత్వ కార్యదర్శి సలుటాటి చొరవతో 1397లో కాన్‌స్టాంటినోపిలు పండితుడు క్రిసొలోరాసు అచట గ్రీకు పాఠములు ఆరంభించెను. లాటిను గ్రంథాన్వేషణయు సాగి, 1416లో ఇటాలియను పండితుడు పోజ్జో సెయింట్ గాల్ మఠమున రోమను వక్తృత్వాచార్యుడు క్వింటిలియను గ్రంథమును సమగ్రముగా వెలికి తెచ్చెను.

ఈ ప్రాచీన గ్రంథపఠనము శాస్త్రముగా పదునెక్కినది ఇటాలియను పండితుడు లొరెంజో వల్లా చేతిలో. కాన్‌స్టాంటయిను చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యమును పోపునకు ధారపోసెనను దానపత్రమును 1440లో పరీక్షించి, అందలి లాటిను నాలుగవ శతాబ్దపు వాడుక కాదనియు, రోము అధికారులను సాత్రపులనుట అసంభవమనియు చూపి, అది కూటలేఖయని ఆయన నిరూపించెను. పోపుతో విరోధము నడపుచున్న ఆరగాను రాజు ఆల్ఫాన్సో కొలువులో అప్పుడు ఆయన యుండెను. ఐనను వాదబలము రాజాశ్రయమువలన వచ్చినది కాదు. నూతన నిబంధన లాటిను పాఠమును గ్రీకు మూలముతో పోల్చి ఆయన వ్రాసిన టిప్పణులు 1504లో లూవెన్ చేరువ మఠమున డచ్చి పండితుడు ఎరాస్మసు కంటబడెను. మరుసటి యేట వానిని పారిసులో అచ్చు వేయించిన ఎరాస్మసు, 1516లో బాసెలునందు గ్రీకు మూలమునే ప్రకటించెను.