టులెట్ బోర్డు కింద మొదటి ప్రశ్న

అశోక్ నగర్ కోచింగ్‌కో, బాగ్ లింగంపల్లి అంబేద్కర్ కాలేజీకో వచ్చిన మన పిల్లల్ని టులెట్ బోర్డు కింద ముందు అడిగేది "మీరేమిట్లు?" అనే. లిఫ్టూ వాచ్‌మనూ ఉన్న ఖరీదైన ఫ్లాట్‌లో అయితే మర్యాదగా "ప్యూర్ వెజ్జేనా?" అంటారు. రెండూ ఒకటే ప్రశ్న.

డబ్బూ చదువూ ఉంటే కులం అడగరనేవాళ్లు 1917 నాటి బరోడాను చూడాలి. కొలంబియాలో చదివొచ్చి, సంస్థానం ఉద్యోగంలో చేరిన బాబాసాహెబ్‌కు ఊళ్లో గది దొరకలేదు. పార్సీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని డజనుమంది వచ్చారు. పెట్టె సర్దుకుని, రాత్రి రైలు దాకా కామాఠీబాగ్ పార్కులో కూర్చున్నారు. (ఆ ఏడాదే బెజవాడ సభలో మన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించగా 'పంచమ' పేరు పోయి 'ఆది ఆంధ్ర' వచ్చింది.)

తర్వాత ఆయనే ముసాయిదా సంఘం అధ్యక్షుడు. అయినా 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి, అద్దె ఇల్లు లేదు. అమెరికా 1968లోనే జాతి, మతం చూసి అద్దెకు ఇవ్వననడం చట్టవిరుద్ధం చేసింది. ఇక్కడ 2005లో, గుజరాత్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.