శస్త్రచికిత్స అనంతర రక్షణ: అనకాపల్లి ప్రాంతం

కుట్టు చీము పట్టకుండా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరకుండా, కాలి రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టకుండా ఆపరేషన్ అయిన రోగిని కాపాడే పద్ధతులివి.

తెలుగునాట ఈ పద్ధతుల చరిత్ర మత్తుమందుతో ముడిపడి ఉంది. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ సాయంతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో క్లోరోఫాం అనే మత్తుమందుపై పరిశోధన కమిషన్లు నడిపాడు. మత్తు ఇచ్చేవారు నాడి మీద కాదు, ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్నది ఆయన పట్టు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న ఆయన మాట తప్పని 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు తేల్చాయి. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న మాట మాత్రం నేటికీ నిలిచే ఉంది.

1923లో విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి ప్రారంభమైంది. అనకాపల్లి వైపు పెద్ద ఆపరేషన్ అంటే చాలాకాలం ‘కేజీహెచ్‌కి తీసుకెళ్లడమే’. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక పేదవారికి కార్పొరేట్ ఆసుపత్రుల తలుపులూ తెరుచుకున్నాయి.

రోగిని కాపాడటం ఆపరేషన్ గదిలోనే మొదలవుతుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టు ఒక్క కాగితమే. కత్తి పెట్టే ముందు అందరూ ఆగి రోగి పేరు, చేయబోయే ఆపరేషన్, ఏ వైపు అన్నది పైకి చెప్పుకోవాలి. రోగిని బయటికి పంపే ముందు నర్సు గాజుగుడ్డలు, సూదులు లెక్కపెట్టి ‘సరిపోయాయి’ అనాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, పెద్ద చిక్కులు 11 నుంచి 7కి తగ్గాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసినవి వైద్యంలో అరుదు.

ఇంటికి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. కూలికి వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇళ్లలో కుట్టు ఆరకముందే బరువులెత్తేవారు. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225, నెలకు రూ.5,000 మించకుండా ఇచ్చింది. కుట్టును కాపాడటంలో ఇదీ మందుతో సమానమే.

పథ్యం ఇంకో చిక్కు. పప్పు తింటే చీము పడుతుందని చాలా ఇళ్లలో పెద్దవాళ్లు పెట్టరు. నిజానికి గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు వద్దనకపోతే పప్పు, గుడ్డు పెట్టండి. రోగిని లేపి నాలుగడుగులు నడిపించండి.

ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోపు ఆ కోత దగ్గర పట్టే చీమును వైద్యులు ఆపరేషన్ వల్ల వచ్చిందిగానే లెక్కిస్తారు. జ్వరం, కుట్టు ఎర్రబడటం, పిక్క వాపు, ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి.