43 కిలోల కుర్రాడికీ చోటున్న టీము: అయోవా బడి కుస్తీ కథ

ఈ ఎపిసోడ్‌లో కుస్తీ గురించి మాట్లాడుకుందాం. కుస్తీ అనగానే మన కళ్ళ ముందుకి వస్తాదు వస్తాడు. మెలితిప్పిన మీసం, ఎర్రమట్టి గోదా, పక్కన బాదంపాల గ్లాసు. కానీ నేను చెప్పబోయే కుర్రాడి బరువు 43 కిలోలు. మన బడుల్లో అయితే కబడ్డీ టీముకి మనుషుల్ని ఎంచేటప్పుడు పీఈటీ సారు అతని వైపు చూడను కూడా చూడరు.

1964. అమెరికాలో అయోవా రాష్ట్రం. మొక్కజొన్న చేలు, పందుల పెంపకం, చలికాలంలో మోకాలి లోతు మంచు. అక్కడ వాటర్లూ అనే ఊళ్ళో పదో తరగతి చదువుతున్న డాన్ గేబుల్ అనే అబ్బాయి 95 పౌండ్ల విభాగంలో స్టేట్ ఛాంపియన్ అయ్యాడు. 95 పౌండ్లంటే మన లెక్కలో 43 కిలోలు. మరుసటి ఏడు 103 పౌండ్లు, ఆ పై ఏడు 112. హైస్కూల్లో మొత్తం 64 కుస్తీలు పట్టాడు, 64 గెలిచాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఎదుటివాళ్ళకి ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా గోల్డ్ కొట్టాడు. గేబుల్ మీద వీడియోలు బోలెడున్నాయి, చూసేయండి. నాకు మాత్రం అతన్ని తయారుచేసిన బడి మీదే ఆసక్తి. వెస్ట్ వాటర్లూ హైస్కూల్, దాని కోచ్ బాబ్ సిడెన్స్.

సిడెన్స్ ఆ బడిలో 1950 నుంచి 1977 దాకా కోచ్. ఇరవై ఏడేళ్ళు. ఆయన టీములు 327 పోటీలు గెలిచాయి, 26 ఓడాయి, 3 డ్రా. రాష్ట్ర టీము టైటిళ్ళు 11. ఒక దశలో వరసగా 88 పోటీల్లో ఓటమి అన్నదే లేదు. ఒక్క ప్రతిభావంతుడైన కుర్రాడు దొరికితే వచ్చే లెక్కలు కావివి. గేబుల్ అక్కడ ఆడింది మూడేళ్ళే కదా!

ముందు ఈ బడి కుస్తీ ఎలా నడుస్తుందో తెలియాలి. మన గోదాలో ఒక పహిల్వాన్‌కి ఇంకో పహిల్వాన్ ఎదురు నిలబడతాడు, అంతే. అక్కడ బడికీ బడికీ పోటీ. సిడెన్స్ కాలంలో 12 బరువు విభాగాలు, ఒక్కో దాంట్లో ఒక్కో కుర్రాడు. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో 14. ఇప్పటి లెక్క ప్రకారం మామూలుగా గెలిస్తే టీముకి 3 పాయింట్లు, ఎదుటివాడి భుజాలు నేలకి ఆనిస్తే 6. ఇక అసలు సంగతి. ఏదైనా విభాగంలో మీ బడికి మనిషి లేకపోతే, ఎదుటి టీము చెమట చుక్క రాల్చకుండా 6 పాయింట్లు పట్టుకుపోతుంది.

దీని పర్యవసానం చూడండి. 120 కిలోల భారీ మనిషి గెలిస్తే ఎంత విలువో, 43 కిలోల బక్క కుర్రాడు గెలిస్తే కూడా అంతే విలువ. కాబట్టి కోచ్ అనేవాడు బడి వరండాలో నిలబడి సన్నటివాళ్ళనీ, పొట్టివాళ్ళనీ, ఏ ఆటకీ పనికిరారని పక్కన పెట్టినవాళ్ళనీ వెతుక్కోవాలి. వెతక్కపోతే ఓడిపోతాడు. మిగతా ఆటల్లో చిన్నవాణ్ణి తీసుకోవడం దయ. ఇక్కడ అవసరం. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన రూలు ఇదే.

సరే, మరి ఈ పిచ్చి అయోవాకే ఎందుకు పట్టింది? దీనికి వెనక్కి వెళ్ళాలి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ కుస్తీ అంటే తిరునాళ్ళ వినోదం. డేరా వేస్తారు, లోపల ఒక వస్తాదు. అతని ముందు ఇన్ని నిమిషాలు నిలబడితే ఇంత డబ్బు అని పందెం. అలా ఎదిగినవాడు ఫార్మర్ బర్న్స్. 1899లో అయోవా కుర్రాడు ఫ్రాంక్ గాచ్ అతనితో తలపడి ఓడాడు. బర్న్స్‌కి కుర్రాడి పట్టు నచ్చి శిష్యుడిగా చేర్చుకున్నాడు. ఆ గాచ్ 1908లో చికాగోలో హాకెన్‌స్మిట్ అనే యూరప్ ఛాంపియన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1911లో మళ్ళీ ఓడించాడు. పల్లెటూరి రైతుబిడ్డ ప్రపంచాన్ని గెలిచాడంటే ఆ రాష్ట్రం ఎలా ఊగిపోయి ఉంటుందో ఊహించుకోండి.

సరిగ్గా అదే కాలంలో మన దగ్గర ఎవరున్నారు? కోడి రామ్మూర్తి నాయుడు గారు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో చదువుకుంటూ కసరత్తు, కుస్తీ నేర్చారు. ఈ ముక్క చాలామందికి తెలియదు, ఆయన మద్రాసు సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షకుడిగా ట్రైనింగ్ తీసుకుని, తాను చదివిన విజయనగరం బడిలోనే డ్రిల్ మాస్టారుగా చేరారు. అంటే ఆ రోజుల్లోనే మనకి హైస్కూల్లో ఒక మహాబలుడైన టీచర్ ఉన్నాడు! తర్వాత ఆయన సర్కస్ పెట్టారు. గొలుసులు తెంచారు, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్నారు, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, డ్రిల్ మాస్టారి జీతం మీద అంత బలాన్ని ఎవరు పోషిస్తారు? కానీ ఆయన వెళ్ళాక ఆ బడిలో ఖాళీ అయిన కుర్చీ గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

అయోవాలోనూ డబ్బు కుస్తీ ఎక్కువకాలం నిలవలేదు. గాచ్ తర్వాత ప్రొఫెషనల్ కుస్తీలో గెలుపోటములు ముందే మాట్లాడుకోవడం ఎక్కువై, జనానికి నమ్మకం పోయింది. మనం టీవీలో చూసే డబ్ల్యూడబ్ల్యూఈ ఆ వంశంలోదే. అసలు కుస్తీ మాత్రం బడుల్లోకి, కాలేజీల్లోకి నడిచింది. 1921లోనే ఏమ్స్ ఊళ్ళో కాలేజీ వాళ్ళు హైస్కూల్ పిల్లలకి రాష్ట్రస్థాయి పోటీ పెట్టారు. అవును, మనవాళ్ళు ఎంఎస్ చేయడానికి వెళ్ళే ఆ ఏమ్సే.

ఇంకో ముఖ్యమైన మలుపు వాటర్లూ పక్కనే, సెడార్ ఫాల్స్‌లో ఉంది. అక్కడ అయోవా స్టేట్ టీచర్స్ కాలేజీ అని ఉండేది. పేరులోనే ఉంది, పంతుళ్ళని తయారుచేసే కాలేజీ. డేవ్ మెకస్కీ అనే కోచ్ దగ్గర ఆ కాలేజీ 1950లో దేశం మొత్తం మీద కాలేజీ కుస్తీ టైటిల్ గెలిచింది. ఇప్పుడు ఆలోచించండి. అక్కడ కుస్తీ పట్టినవాళ్ళు చదువయ్యాక ఏమవుతారు? టీచర్లవుతారు. చుట్టుపక్కల ఊళ్ళ బడుల్లో పొద్దున పాఠం, సాయంత్రం గోదా. ఒక్కో టీచర్ చేతిలో ఏడాదికి పదుల మంది పిల్లలు. సిడెన్స్ ఆ కాలేజీలో చదువుకున్నవాడే. కాలేజీ నేషనల్ పోటీల్లో రిఫరీగా కూడా ఆయనకి మంచి పేరుంది.

వాటర్లూ ఊరు కూడా కలిసొచ్చింది. జాన్ డీర్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీ ఉన్న కార్మికుల ఊరు. సిడెన్స్ కంటే ముందే ఆ బడి నుంచి మంచి మల్లులు వచ్చారు. లోవెల్ లాంగ్ అనే కుర్రాడు ఇక్కడి నుంచి కార్నెల్ అనే చిన్న కాలేజీకి వెళ్ళి, 1947లో పెద్ద పెద్ద యూనివర్సిటీలని కాదని ఆ కాలేజీ దేశ టైటిల్ గెలవడంలో చేయి వేశాడు. అంటే సిడెన్స్ బీడు నేలలో విత్తనం వేయలేదు, దున్ని ఉన్న పొలాన్ని అందుకున్నాడు. అందుకున్నదాన్ని 27 ఏళ్ళు వదలకపోవడం ఆయన గొప్పతనం.

1964 మే నెల చివర్లో గేబుల్ ఇంట్లో ఘోరం జరిగింది. తల్లిదండ్రులు, డాన్ ఊళ్ళో లేనప్పుడు, పందొమ్మిదేళ్ళ అక్క డయాన్‌ని అదే పేటలో ఉండే ఒక కుర్రాడు ఇంట్లోనే చంపేశాడు. తల్లిదండ్రులు ఆ ఇంట్లో ఉండలేమన్నారు. పదిహేనేళ్ళ డాన్ అక్క గదిలోకి తన మంచం మార్చుకుని, ఇల్లు వదలొద్దన్నాడు. వాళ్ళు ఉండిపోయారు. ఆ కొడుకు కుస్తీ పోటీలే ఆ ఇంటికి మళ్ళీ బయటికి రావడానికి ఒక కారణమయ్యాయి. తర్వాతి రెండేళ్ళూ అతను ఓడలేదు. బడిలో రోజూ సాయంత్రం తెరిచి ఉండే ఒక గది, అందులో తన కోసం చూసే ఒక పెద్దమనిషి ఉండటం అలాంటి పిల్లాడికి ఎంత ఆసరానో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఆటకి ఒక చీకటి కోణం కూడా ఉంది, అది దాటేసి వెళ్ళిపోతే మోసం చేసినట్టు. బరువు తగ్గించడం. విభాగాలున్నాయి కాబట్టి, కింది విభాగంలో ఆడితే సులువుగా గెలవచ్చని పిల్లలు నీళ్ళు మానేసి, రబ్బరు సూట్లు వేసుకుని వేడి గదుల్లో పరిగెత్తేవాళ్ళు. చాలా ఏళ్ళు దీన్ని క్రమశిక్షణ అని మెచ్చుకున్నారు కూడా. 1997 నవంబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు ఇలా బరువు తగ్గించే ప్రయత్నంలో చనిపోయారు. మూడు వేరు వేరు కాలేజీలు. అప్పుడు రూల్స్ మారాయి. హైస్కూళ్ళలో 2006-07 నుంచి సీజన్ మొదట్లో ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో పరీక్ష చేసి, కొవ్వు శాతం కొలుస్తారు. అబ్బాయిలకి 7, అమ్మాయిలకి 12 శాతం కంటే తగ్గే బరువులో ఆడనివ్వరు. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గకూడదు. ఈ రూలు రావడానికి మూడు ప్రాణాలు పోవాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఇక అమ్మాయిలు. 2011 అయోవా స్టేట్ పోటీల్లో సెడార్ ఫాల్స్ అమ్మాయి ఒకరు 112 పౌండ్ల విభాగంలో మ్యాట్ మీదకి వచ్చింది. ఎదుటి కుర్రాడు అమ్మాయితో కుస్తీ తన నమ్మకానికి విరుద్ధమని తప్పుకున్నాడు. అలా ఆ రాష్ట్ర పోటీల చరిత్రలో అమ్మాయి పేరున నమోదైన మొదటి గెలుపు, చేయి తగలకుండానే వచ్చింది. ఆ అమ్మాయి దానికోసమా అంత సాధన చేసింది? అమ్మాయిలకి హవాయి, టెక్సాస్ రాష్ట్రాలు 1998 ప్రాంతంలోనే విడిగా పోటీలు పెట్టాయి. కుస్తీకి పుట్టిల్లులాంటి అయోవా మాత్రం 2022-23 సీజన్ దాకా ఆగింది. ఇప్పుడు అక్కడ అమ్మాయిలకి కూడా 100 పౌండ్ల నుంచి 235 దాకా విభాగాలున్నాయి, వాటిని నింపడానికి కోచ్‌లు వరండాల్లో మళ్ళీ వెతుకుతున్నారు.

మీ ఊళ్ళో తాలింఖానా ఇంకా నడుస్తుంటే, అక్కడ నేర్పే వస్తాదు గారి వయసెంత, ఆయన తర్వాత నేర్పేవాళ్ళు ఎవరున్నారు అన్నది కామెంట్‌లో రాయండి. మీ బడి పీఈటీ సారుకి కుస్తీ వస్తే అది కూడా. ఉంటాను మరి.