టర్కీ కోళ్ల చావు: బూజు విషము బయటపడిన కథ

1960వ సంవత్సరమున ఇంగ్లండులో టర్కీ కోళ్లను పెంచువారికి పెద్ద విపత్తు వచ్చిపడినది. నిన్నటివరకు చురుకుగా తిరిగిన పిల్లలు మేత మాని, రెక్కలు వ్రేలవేసి, వారము తిరుగకుండ చనిపోసాగినవి. కొద్ది నెలలలో లక్షకు పైగా పిల్లలు చచ్చినవి. కారణము తెలియనందున దీనిని ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అన్నారు. బీజగణితములో తెలియని రాశికి ఎక్స్ అని వ్రాయుదుము గదా!

ఇది అంటువ్యాధి కాబోలునని మొదట అనుమానించిరి. కాని జబ్బు ఒక పక్షినుండి మరొక పక్షికి సోకలేదు; సూక్ష్మజీవి ఏదియు దొరకలేదు. చచ్చిన పిల్లలను కోసి చూడగా కాలేయము దెబ్బతిని యున్నది. అప్పుడు అందరి దృష్టి మేతపై పడినది. జబ్బుపడిన మందలన్నిటి మేతలోను బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్క పిండి కలదు. ఆ పిండిని బాతు పిల్లలకు పెట్టగా వాటి కాలేయమును అట్లే చెడినది.

1961లో ఆ చెక్కనుండి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజును వేరుచేసిరి. దాని పేరులోని అక్షరములను కలిపియే విషమునకు ‘అఫ్లటాక్సిన్’ అని నామకరణము చేసిరి. అతినీలలోహిత కిరణముల క్రింద ఇది నీలముగను, ఆకుపచ్చగను మెరయును. ఆ రంగులనుబట్టియే బి, జి అను రకములు ఏర్పడినవి.

కాలేయమే ఏల చెడవలెను? తిన్న ఆహారములోని విషములను విరుచు పని కాలేయముదే. కాని బి1 అను రకమును విరువబోయి, అది అంతకంటె ఘోరమైన పదార్థమును పుట్టించుకొనును. ఆ పదార్థము కణములలోని డి.ఎన్.ఎ.ను అంటుకొని చెరచును. విషము ఎక్కువైనచో చావు. కొద్దికొద్దిగా చాలకాలము తిన్నచో క్యాన్సరు కలుగవచ్చును. మన కోళ్లు టర్కీలకంటె కొంత తట్టుకొనును. అయినను వాటి కాలేయము పాలిపోయి క్రొవ్వు పట్టును, గ్రుడ్లు తగ్గును, రోగనిరోధక శక్తి సన్నగిల్లును.

ఈ పరిశోధనలో హైదరాబాదునకు కూడ పాలు కలదు. అచ్చటి పోషకాహార పరిశోధనాలయమువారు కోతి పిల్లలకు ఈ విషమునిచ్చి కాలేయము చెడుటను 1964లో ప్రకటించిరి. పది సంవత్సరములకు ఆ భయము నిజమైనది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో అకాల వర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయవ్యాధితో మరణించిరి. కారణమును వెలికితీసినది హైదరాబాదు శాస్త్రజ్ఞులే.

ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా నశింపదు. కాబట్టి కాయలను కళ్లములో బాగుగ ఎండబెట్టి, తడి తగులని చోట నిలువచేయుటయే మేలు. బూజుపట్టిన గింజను ‘కోళ్లకైనా పనికివచ్చును’ అని ప్రక్కన పెట్టుట మనకు అలవాటు. ఆ లక్ష టర్కీ పిల్లల చావు మనకు నేర్పినది ఇదే: కోడికి పనికిరానిది మనకును పనికిరాదు, మనకు పనికిరానిది కోడికిని పనికిరాదు.