పసివాని సాక్ష్యం: చరిత్ర విన్నదెంత?

పిల్లలపై జరిగే దౌర్జన్యం ఆధునిక యుగంలో పుట్టిన సమస్య అనీ, దాన్ని గురించిన పరిశోధన పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన కొత్త విద్య అనీ మనలో కొందరు భావిస్తుంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు. పసివానికి తగిలిన దెబ్బ శరీరంతో ఆగదనీ, అతని స్వభావంలోకి దిగి అక్కడ పాతుకుపోతుందనీ ఆలోచనాపరులు అనేకసార్లు కనుగొన్నారు. కనుగొన్న ప్రతిసారీ లోకం దాన్ని మరచిపోయింది. ఎందుకు మరచిపోయిందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

మొదట ఖైరవాన్ నగరం సంగతి చూద్దాం. నేటి ట్యునీషియాలోని ఆ నగరంలో ఇబ్ను సహ్నూన్ (మరణం హి.శ. 256, క్రీ.శ. 870) ఉపాధ్యాయుల నడవడిని గురించి ఒక చిన్న గ్రంథం రచించారు. ఆ తర్వాత అదే నగరానికి చెందిన అల్ ఖాబిసీ (మరణం హి.శ. 403, క్రీ.శ. 1012) ఆ అంశాన్నే విస్తరించారు. ఇద్దరూ ధర్మశాస్త్రవేత్తలు గనుక సమస్యను హక్కుల దృష్టితో చూశారు. దండన బిడ్డ మేలు కోసమే గాని గురువు కోపం తీర్చుకోవడానికి కాదన్నారు. మూడు దెబ్బలతో హద్దు గీశారు. తల మీద, ముఖం మీద కొట్టరాదన్నారు. హద్దు మీరిన గురువు జవాబుదారీ అవుతాడన్నారు. యుక్తవయస్సు సమీపించిన పిల్లల్లో చెడునడత శంకించదగినవాడు ఉంటే, అతని బారినుండి తక్కినవారిని కాపాడే బాధ్యత గురువుదేనని అల్ ఖాబిసీ హెచ్చరించారు. ఈ హద్దులు దండనను పూర్తిగా నిషేధించలేదన్నది నిజమే. అయినా చదువు చెప్పే చోటే పసివారికి ఏ ప్రమాదాలు పొంచి ఉంటాయో వేయేళ్ళ క్రితమే మన పండితులకు తెలుసు. తెలిసిన విషయాన్ని వారు దాచలేదు, గ్రంథస్థం చేశారు.

ఇంతకంటె ఒక మెట్టు పైకి వెళ్ళినవారు ఇబ్ను ఖల్దూన్ (1332–1406). 1377లో, నేటి అల్జీరియాలోని ఒక కోటలో కూర్చుని ఆయన రచించిన ‘ముఖద్దిమా’లో విద్యార్థులపై కాఠిన్యం కలిగించే హాని గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. అక్కడ ఆయన పదేపదే వాడిన మాట ‘ఖహ్ర్’. దీన్ని ‘దండన’ అని అనువదిస్తే చాలదు. బలవంతుడు బలహీనుణ్ణి లొంగదీసి అణచిపెట్టడం అన్న భావం అందులో ఉంది. ఆ అణచివేతలో పెరిగిన బిడ్డ ఉత్సాహాన్ని కోల్పోతాడని ఆయన అభిప్రాయం. తనపైకి లేచే చేతికి భయపడి మనసులో ఉన్నది దాచి, లేనిది పైకి ప్రదర్శిస్తాడు. అబద్ధమూ, కపటమూ అలవాటై చివరకు స్వభావమే అవుతాయి. తనను తాను రక్షించుకునే శక్తి కూడా నశిస్తుంది.

బిడ్డ అబద్ధానికి మూలం భయమని, ఆ భయానికి కారకులు పెద్దలేనని ఆయన తేల్చారు. ఈ ఒక్క వాక్యార్థం ఐరోపా వైద్యుల దృష్టికి వచ్చి ఉంటే తర్వాతి చరిత్ర మరోలా ఉండేదేమో.

ఎందుకంటే, అక్కడ జరిగింది దీనికి విరుద్ధం. 1860లో పారిస్ వైద్యుడు ఆంబ్రువాజ్ తార్ద్యూ, పెద్దల క్రూరత్వానికి గురైన 32 మంది పిల్లల శరీరాలపై గాయాలను వర్ణిస్తూ ఒక పత్రం ప్రకటించారు. వారిలో 18 మంది మరణించారు. నేరస్థులలో ఎక్కువమంది తల్లిదండ్రులే. లైంగిక దౌర్జన్యాలను గురించి ఆయన అంతకుముందే 1857లో రాశారు. కాని ఆయన తర్వాత అదే ఆచార్యపీఠం అధిష్ఠించిన బ్రువార్దెల్, పిల్లల ఆరోపణలు చాలావరకు కల్పితాలని బోధించారు. గౌరవనీయుడైన గృహస్థు మాట ముందు పసివాని మాట తేలిపోయింది.

1896లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ తన రోగులు 18 మంది గాథలను ఆధారం చేసుకుని, వారి మానసిక రుగ్మతలకు మూలం బాల్యంలో జరిగిన లైంగిక దౌర్జన్యమేనని ప్రసంగించారు. సహ వైద్యులు ఆ మాటను ఆదరించలేదు. మరుసటి ఏడు ఒక మిత్రునికి రాసిన లేఖలో ఆయన ఆ సిద్ధాంతాన్ని విడిచిపెట్టారు. కారణాలు అనేకం. అదే నిజమైతే ఎందరో తండ్రులను దోషులుగా నిలబెట్టవలసి వస్తుందన్నది వాటిలో ఒకటని ఆయనే రాసుకున్నారు. 1932లో ఆయన శిష్యుడు ఫెరెంత్సీ ఆ సత్యాన్ని తిరిగి ఎత్తినప్పుడు సాటివారు వారించారు. ఇక్కడ కొరవడింది ఆధారం కాదు, ఆధారాన్ని భరించగల ధైర్యం.

1962లో అమెరికాలో డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు 71 ఆసుపత్రుల నుండి సేకరించిన 302 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. వారిలో 33 మంది మరణించారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఈసారి లోకం విన్నది. పాత విరుగుళ్ళనూ కొత్త విరుగుళ్ళనూ పక్కపక్కన చూపించే ఎక్స్‌రే ఫోటోలు వైద్యుల చేతిలో ఉండటమే దానికి ముఖ్య కారణం. బిడ్డను నమ్మనివారు బిడ్డ ఎముకను నమ్మారు. కొద్ది సంవత్సరాల్లోనే ఇలాంటి కేసులను వైద్యులు అధికారులకు తెలియజేయాలన్న చట్టాలు అక్కడి రాష్ట్రాలన్నింటా వచ్చాయి.

ఎముకలో కనిపించని గాయం మాటేమిటి? ‘ట్రామా’ అన్న గ్రీకు మాటకు అర్థమే గాయం. దారుణ అనుభవాల తర్వాత మనసులో నిలిచిపోయే బాధను అమెరికా మనోవైద్యులు 1980లో ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించారు. 1998లో ఫెలిట్టి, ఆండా అన్న వైద్యులు ప్రకటించిన అధ్యయనం, బాల్యంలో ఎదురైన దౌర్జన్యాలూ కష్టాలూ పెరిగినకొద్దీ పెద్దయ్యాక కుంగుబాటు, మద్యపానం, గుండెజబ్బుల వంటివి పెరుగుతాయని చూపింది.

అయితే గాయపడినవాడు చెడిపోయినవాడన్న అర్థం ఇందులో తీయరాదు. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. తీవ్రమైన ప్రతికూల పరిస్థితులలో పెరిగినవారిలో సుమారు మూడవ వంతు మంది సమర్థులుగా, దయగలవారుగా ఎదిగారు. వారి జీవితాల్లో తరచు కనిపించిన అంశం, తమను నమ్మి అండగా నిలిచిన ఒక్క పెద్ద మనిషైనా ఉండటం. నాయనమ్మ కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు.

ఇక మన దేశం విషయం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక దౌర్జన్యానికి గురైనట్లు 53.22 శాతం మంది చెప్పారు. వారిలో సగానికి పైగా మగపిల్లలు. దౌర్జన్యం చేసినవారిలో సగం మంది ఆ పిల్లలు ఎరిగినవారు, నమ్మినవారు. అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయకపోవడం కూడా నేరమే.

అయినా మన ఇళ్ళలో, మొహల్లాలలో ఈ మాట పైకి రాదు. ఖాన్‌దాన్ పరువు పోతుందంటారు. సాటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యకార్యమని హదీసును గుర్తుచేస్తారు. ఇది ఆ హదీసుకు అన్యాయం. ఇమామ్ నవవీ (మరణం హి.శ. 676) ‘సహీహ్ ముస్లిం’ వ్యాఖ్యానంలో ఆ కప్పిపుచ్చడం ఎవరికి వర్తిస్తుందో స్పష్టంగా వివరించారు. ఇతరులకు హాని చేసేవాడిగా పేరుపడినవానికి అది వర్తించదు. అతని విషయం అధికారుల ముందుంచాలి. జరుగుతున్న పాపాన్ని చూసినవాడు ఆపడానికి ప్రయత్నించాలి. ‘గీబత్’ను గురించి రాస్తూ ఆయనే ఆరు మినహాయింపులు పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది అన్యాయానికి గురైనవాడు తన గోడు చెప్పుకోవడం. నోరు విప్పిన బిడ్డ ఎవరి పరువూ తీయడం లేదు. షరీఅత్ తనకిచ్చిన హక్కును వాడుకుంటున్నాడు.

కనుక మస్జిద్ కమిటీలు, మదర్సా నిర్వాహకులు, తల్లిదండ్రులు చేయవలసినది కష్టమైనదే గాని అస్పష్టమైనది కాదు. బిడ్డ చెప్పినప్పుడు కోపగించకుండా వినాలి. తప్పు నీది కాదని చెప్పాలి. పదిమంది ముందు అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పించకూడదు. ఆరోపణకు గురైన వ్యక్తిని వెంటనే పిల్లలకు దూరంగా ఉంచాలి. పోలీసులకు గాని, 1098 నంబరుకు గాని తెలియజేయాలి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చి, క్షమించమని బిడ్డను ఒత్తిడి చేయడం ‘ఖహ్ర్’కు మరో రూపం. క్షమించే హక్కు బాధితునిది, పంచాయితీది కాదు.

ఖైరవాన్ పండితులకు ఎక్స్‌రే లేదు, గణాంకాలు లేవు. ఉన్నదల్లా పసివాడు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అన్న ఎరుక. నేడు మనకు అవన్నీ ఉన్నాయి. ఇంకా వినకపోతే తెలియలేదన్న సాకు మనకు మిగలదు.