గ్రహణ భయం

గ్రహణం నీడల వల్ల కలుగుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలోనే చెప్పాడు. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులోనే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించాడు. అయినా 1980 ఫిబ్రవరి 16న గ్రహణం పట్టినప్పుడు మన పట్టణాల వీధులు పట్టపగలే నిర్మానుష్యమయ్యాయి.

ఈ భయానికి అజ్ఞానమొక్కటే కారణమైతే ఇది ఎన్నడో పోవలసింది. కాని గ్రహణకాలాన్ని నిమిషాలతో సహా గణించే పంచాంగమే స్నానాలనూ, దానాలనూ విధిస్తున్నది. లెక్క పండితుని వద్దనే ఉండిపోయింది. జనానికి దక్కింది భయం.

ఆ భయంతోనే జనం కాపురం చేస్తున్నారు. ఊరగాయ జాడీపై దర్భ వేసి, విడుపు స్నానం చేసి, మళ్లీ పనుల్లో పడతారు. గర్భిణికి మాత్రం అంత సులువుగా విడుపు లేదు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తే, ఆనాడు ఆమె కదలడమే నేరమంటారు. నిజానికి బిడ్డ పైపెదవి గర్భంలో తొలి రెండు నెలల్లోనే ఏర్పడుతుంది. శస్త్రచికిత్సతో పెదవి బాగవుతుంది. తల్లి నేరం లేదని ఇంటింటా చెప్పవలసిన బాధ్యత చదువుకున్నవారిది.